తోలినవాడి పేరు

ఎమ్మిగనూరు,
లింగారెడ్డి గారి దొడ్డి,
12 జూలై 1981

చిరంజీవి మార్తమ్మకు నాయన ఏసన్న వందనాలు, దీవెనలు, ఇంకా తండ్రి బిడ్డకు ఇవ్వగలిగినవి ఏమేమి ఉంటే అవన్నీ.

అమ్మా, నీ కార్డు అందింది. పోస్టు సోమప్ప దొడ్డి వాకిట్లో నిలబడి "ఏసన్నా, నీ బిడ్డ ఆదోని కాలేజీలో అయివారమ్మ అయిందంటప్పా!" అని ఊరంతా వినేట్టు చదివాడు. కార్డు కాబట్టి దారి పొడుగునా ఎందరు చదివారో! చదవనీ! చదివినవాళ్ల కళ్లు చల్లగా ఉండనీ! సోమప్ప చేత మూడుసార్లు చదివించుకొని, నాలుగోసారి నేనే చదువుకున్నాను. మిషను బడిలో నాలుగో తరగతి ఊరికే పోలేదు.

మీ అమ్మ ఉండి ఉంటే ఏడ్చేది. ఆమె వంతు కూడా నేనే ఏడ్చాను. తర్వాత ఎద్దులకు చెప్పాను. కరియ చెవులు ఊపాడు. బూదోడు పేడ వేశాడు. వాడి సంతోషం అంతవరకే.

రెడ్డిగారికి కూడా చెప్పాను. అరుగు మీద పడక కుర్చీలో ఉన్నారు. కళ్లకు పొర కమ్మింది కదా, నా గొంతు పట్టి ఇటు తిరిగారు.

"ఒరే ఏసుగా, ఏమి పాఠం సెప్తాదిరా నీ కూతురు?"

"తత్వమంట అయ్యా."

"తత్వమా? బైరాగోళ్లు తంబూర మీటుకుంటా పాడతారే, అదా?"

నాకు జవాబు తెలియలేదమ్మా. మా మార్తమ్మనే అడిగి, ఆమె రాసింది మీకు చదివి వినిపిస్తానని మాట ఇచ్చాను. కాబట్టి నువ్వు చెప్పే పాఠం ఒకటి నాకు అర్థమయ్యేట్టు రాయి.

బస్సెక్కితే గంటలో ఆదోని. తెల్లచొక్కా వేసుకొని వచ్చి నీ కాలేజీ గేటు పట్టుకొని నిలబడాలని ఉంది. కానీ ఈ ఏడు జాతర పందెంలో మన ఎద్దులు బండ లాగాలి. నా చేతి మేత తప్ప ముట్టరు. ఒక పూట వదిలి కదిలేదానికి లేదు.

సంతోషం పట్టలేక అక్షరాలు వంకరపోతున్నాయి, సర్దుకొని చదువుకో.
నీ నాయన

*

ఆదోని,
2 ఆగస్టు 1981

నాయనకు వందనాలు.

ఇకనుంచి కార్డు రాయను, కవరే రాస్తాను.

ఇల్లు కుదిరింది. రెండు గదులు. పొద్దున పత్తి మిల్లు సైరను నిద్ర లేపుతుంది. రెండో గది ఎవరి కోసమో నీకు తెలుసు.

పాఠం అడిగావు. ఈ నెల నేను చెబుతున్న పాఠమే రాస్తాను. నూటడెబ్బై ఏళ్ల కిందట జర్మనీ దేశంలో ఒక పండితుడు ఒక మాట చెప్పాడు. ఇద్దరు మనుషులు ఎదురుపడతారు. ప్రతివాడికీ ఒకటే కోరిక: నేను ఒక మనిషినని ఎదుటివాడు ఒప్పుకోవాలి. ఊరికే ఒప్పుకోరు కనుక పోట్లాట వస్తుంది. ఒకడు ప్రాణానికి తెగిస్తాడు, రెండోవాడు ప్రాణానికి భయపడి లొంగిపోతాడు. తెగించినవాడు యజమాని, లొంగినవాడు దాసుడు.

కథ అక్కడ అయిపోలేదు. యజమాని గెలిచింది మెప్పు కోసమే. ఆ మెప్పు ఇవ్వవలసినవాడిని ఇప్పుడు మనిషిగానే చూడడు. మనిషి కానివాడు మెచ్చుకుంటే ఏం తృప్తి? పైగా పనంతా దాసుడి చేతిలోకి పోతుంది, యజమానికి ఏదీ చేతకాకుండా పోతుంది. దాసుడేమో మట్టినీ కొయ్యనీ రాతినీ మలుస్తాడు. తను మలిచినదానిలో తనను చూసుకొని, నేనూ ఒకడినే అని తెలుసుకుంటాడు. చివరకు నిలబడేది వాడే అంటాడు పండితుడు.

మొదటిరోజు ఒక పిల్లాడు లేచి "మేడం, ఆ యజమానిది ఏ ఊరు?" అని అడిగాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు నాయనా. నాకు ఆ ఊరు తెలుసు.

నాకు బి.ఏ. ఫలితాలు వచ్చిన రోజు గుర్తుందా? చెప్పుకుందామని నన్ను రెడ్డి దగ్గరకు తీసుకుపోయావు. ఆయన "మంచిదే, రేపు ఇంట్లో పెండ్లి, దొడ్డి ఊడ్చి పోమ్మా" అన్నాడు. అది ఆయన అన్న మాట, వదిలేస్తాను. కానీ చీపురు తెచ్చి నా చేతిలో పెట్టింది నువ్వు. ఆ రోజు నుంచి నేను ఆ దొడ్డిలో కాలు పెట్టలేదు, నువ్వు అక్కడ ఉన్నంతవరకు పెట్టను.

అరవై నాలుగేళ్లు నీకు. చాలు, వచ్చేయి.
మార్తమ్మ

*

ఎమ్మిగనూరు,
లింగారెడ్డి గారి దొడ్డి,
6 సెప్టెంబరు 1981

బంగారు తల్లి మార్తమ్మకు నాయన రాసే ఉత్తరం.

నా బిడ్డ ఇంత పెద్ద పాఠం చెబుతుందా! జర్మనీవాడి మాట ఎమ్మిగనూరు దొడ్డిలో ఏసన్నకు అర్థమయ్యేట్టు రాసిందా! నాకు ఒళ్లు పులకరించింది.

రెడ్డిగారికి చదివి వినిపించాను. అంతా కాదు. ఒకడు తెగించి గెలవడం, ఒకడు లొంగడం, అంతవరకు. ఆయన తొడ చరిచి "బో తెలివైనోడురా వాడు! తెగించినోడే యజమాని! మళ్ల ఏమాయె?" అన్నారు. కళ్లు మండుతున్నాయయ్యా అని అక్కడ ఆపేశాను. మిగతా సగం మడిచి జేబులో పెట్టుకున్నాను. అప్పటినుంచి రెండు రోజులకు ఒకసారి అడుగుతున్నారు: "ఒరే, ఆ యజమాని మళ్ల ఏమాయెరా?" నేను కళ్లు నలుపుకుంటూ తప్పించుకుంటున్నాను.

ఒక్కటి మాత్రం మీ పండితుడికి తెలియలేదమ్మా. మా ఇద్దరి మధ్య పోట్లాటే జరగలేదు. నాకూ రెడ్డిగారికీ ఒకటే ఈడు. పదేళ్ల పిల్లలం. మా నాయన నన్ను తెచ్చి ఆయన నాయన ముందు నిలబెట్టి "ఈ పొద్దు నుంచి వీడు మీవాడు" అన్నాడు. రెడ్డిగారి చేతిలో బెల్లం ముక్క ఉండింది. నాకు ఇవ్వబోయి, వాళ్ల నాయన ముఖం చూసి, చేయి వెనక్కు తీసుకున్నారు. అంతే జరిగింది. గెలిచినవాడు ఏ కాలంలో గెలిచాడో, ఓడినవాడు ఎక్కడ ఓడాడో, మేమిద్దరం చూడనే లేదు. ఇది నీ పాఠంలో చేర్చుకో.

చీపురు సంగతి. నువ్వు మరిచిపోయావేమో అనుకున్నాను. నేనూ మరిచిపోలేదు. భయంతోనే ఇచ్చానమ్మా. ప్రాణం మీద భయం కాదు. వద్దంటే దొడ్డి నుంచి పంపేస్తారు, దొడ్డి పోతే ఎద్దులు పోతాయి, ఎద్దులు లేకపోతే ఈ ఏసుగాడు ఎవడు అని భయం. దానికోసం నీ చేతిలో చీపురు పెట్టాను. తప్పే. రాసి ఒప్పుకుంటున్నాను.

పండితుడు చెప్పిన ఇంకో మాట మాత్రం నూటికి నూరు పాళ్లు సత్యం. కరియను, బూదోడిని పాలు మరవని దూడలప్పుడు నా చేతికి ఇచ్చారు. కాడి నేర్పింది నేను. చెర్నాకోల లేకుండా, నాలుక చప్పుడుతో నడవడం నేర్పింది నేను. నా ఎడమ కాలు కొంచెం ఈడుస్తాను కదా, బూదోడూ అట్లే ఈడుస్తాడు! వాడి వెనక నడిస్తే నా వెనక నేనే నడిచినట్టు ఉంటుంది. ఎంత సంతోషమో చెప్పలేను.

ఈ ఏడు బండ లాగనీ. జాతర కాగానే వస్తాను.
నీ నాయన

*

ఆదోని,
15 నవంబరు 1981

నాయనకు వందనాలు.

నీ ఉత్తరం పదిసార్లు చదివాను. చీపురు గురించి ఇక ఎప్పుడూ ఎత్తను. నువ్వు ఒప్పుకున్నాక ఎత్తడానికి నాకేం లేదు.

కానీ "జాతర కాగానే" అన్న మాట నిరుడూ రాశావు, నేను చదువుకునే చోటికి చూడటానికి రమ్మంటే. అంతకు ముందు ఏడు కూడా.

బెల్లం ముక్క సంగతి నీ పేరు చెప్పకుండా క్లాసులో చెప్పాను. తర్వాత మాధవరం నుంచి వచ్చే అంజనమ్మ అనే పిల్ల లేచింది. కూలివాళ్ల బిడ్డ. "మేడం, మా నాయన ఏటి ఒడ్డున మళ్లు కట్టినాడు. ఆ మళ్లల్లో తన్ను తాను సూసుకుంటాడు, సరే. సూసుకున్నంక ఏమొస్తాది? పట్టాలో పేరు ఎవురిది మేడం?" అని అడిగింది.

రేపు చెబుతానన్నాను. వారమైంది, చెప్పలేదు. పండితుడి పుస్తకం అంతా వెతికాను. దాసుడు తన మనసులో తనను తెలుసుకున్న సంగతి ఉంది. అది ఎదుటివాడి నోట ఎట్లా వస్తుందో అంజనమ్మకు సరిపోయేంత తేటగా లేదు.

అందుకే నిన్ను అడుగుతున్నాను. జాతరలో మైకు పట్టుకొని ఏమంటారు? "ఎమ్మిగనూరు లింగారెడ్డి గారి ఎద్దులు" అంటారు. పూలదండ ఆయన మెడలో వేస్తారు. నువ్వు దుమ్ములో నిలబడి చప్పట్లు కొడతావు. బూదోడి నడకలో నువ్వు ఉన్నావని నీకూ నాకూ బూదోడికీ తప్ప ఎవరికి తెలుసు?

ఈ ఏడు "తోలినవాడు ఏసన్న" అని మైకులో అనిపించు. రెడ్డి ఒప్పుకుంటే నేను జాతరకు వచ్చి ముందు వరసలో నిలబడతాను. ఒప్పుకోకపోతే ఆ పొద్దే బస్సెక్కి వచ్చేయి. రెండింటిలో ఏదో ఒకటి జరగాలి నాయనా.
మార్తమ్మ

*

ఎమ్మిగనూరు,
తిమ్మక్క ఇల్లు, చర్చి వెనక వీధి,
13 డిసెంబరు 1981

ప్రాణసమానమైన మార్తమ్మకు నాయన వందనాలు.

నేను క్షేమం. చాలా క్షేమం. మీ అత్త తిమ్మక్క రొట్టెలు చేసి పెడుతోంది, తిని కూర్చుంటున్నాను. ఇంత విశ్రాంతి నా జన్మలో ఎరగను.

నువ్వు చెప్పినట్టే అడిగాను తల్లీ! పోయిన సోమవారం రెడ్డిగారు మళ్లీ "ఆ యజమాని ఏమాయెరా?" అన్నారు. ఈసారి కళ్లు నలుపుకోలేదు. జేబులోంచి కాగితం తీసి మిగతా సగం చదివాను. మనిషి కానివాడి మెప్పుతో తృప్తి ఉండదని చదివాను. పనంతా దాసుడి చేతిలోకి పోయి యజమానికి ఏదీ చేతకాదని చదివాను. నాకే ఆశ్చర్యం!

"అంటే నాకు సేతకాదంటావా?"

"నేననలేదయ్యా, జర్మనీ ఆయన అనినాడు."

"జర్మనీ ఆయన కాదురా, నీ కూతురు అనింది!"

తీగ తెగేదాకా వచ్చింది, ఇక ఆగడం ఎందుకని అడిగేశాను. "అయ్యా, ఈ తూరి మైకులో మీ పేరు ఎనక తోలినోడి పేరు గూడ సెప్పించండి."

ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "ఎద్దులు ఎవురివిరా?"

"మీవే."

"మేత ఎవురిది?"

"మీదే."

"దొడ్డి, కాడి, మోకు?"

"అన్నీ మీవే అయ్యా."

"మరి నీదేముండాదిరా ఈడ?"

"నడక నాదయ్యా."

ఎట్లా వచ్చిందో ఆ మాట నాకు తెలియదు. నువ్వు రాసిన కాగితంలో లేదు. ఆయన చేయి ఎత్తి వాకిలి వైపు చూపించారు. తర్వాత "ఊరికే తినేదానికి మరిగినావు. పో" అన్నారు. వచ్చేశాను.

మద్దికెర నుంచి దుర్గప్ప అనే తోలేవాడిని పిలిపించారట. మంచి పేరున్నవాడే. చేయి కొంచెం దురుసు అంటారు.

నా గురించి ఏ దిగులూ పెట్టుకోవద్దు. నిండు సంతోషంలో ఉన్నాను. పొద్దున తెల్లవారకముందే మెలకువ వస్తుంది, అంతే. లేచి కూర్చుంటాను. చేతులకు ఏం చెయ్యాలో తెలియదు.
నీ నాయన

*

ఆదోని,
18 డిసెంబరు 1981

నాయనా,

కవరు మీద తిమ్మత్త ఇంటి అడ్రసు చూడగానే గుమ్మంలోనే చించి చదివాను. యాభై నాలుగేళ్లలో నువ్వు ఆ దొడ్డిలో తప్ప వేరే చోట పడుకున్నావా? విశ్రాంతి అని రాశావు. నిన్ను వెళ్లగొట్టారు. వెళ్లగొట్టించింది నేను.

ఇక్కడ కుర్చీలో కూర్చొని, పుస్తకం ముందు పెట్టుకొని, నీ బతుకును పరీక్షకు పెట్టాను. మైకులో పేరు కావాలన్నది నాకు. నీకు కావలసింది ఆ రెండు మూగజీవాలు. అది తెలిసి కూడా షరతు పెట్టాను. ఆ రోజు చీపురు నా చేతికి ఇచ్చావని ఇన్నాళ్లూ నిన్ను నిలదీశాను. ఇప్పుడు నేను నీ చేతిలోంచి మోకు లాగేశాను.

పేరు వద్దు, ఏమీ వద్దు. సెలవు పెట్టి జాతర రోజు వస్తున్నాను. బండ ఎవరు తోలినా సరే, తోలకపోయినా సరే, నువ్వు ఎక్కడ నిలబడితే నీ పక్కన నిలబడతాను.

అంజనమ్మకు నీ జవాబు చెప్పాను. "నడక నాదయ్యా" అన్నమాట. ఆ పిల్ల నోటుబుక్కులో రాసుకుంది. "ఆయప్ప ఎవురు మేడం?" అంది. మా నాయన అన్నాను, మొదటిసారి.
నీ మార్తమ్మ

*

ఎమ్మిగనూరు,
21 జనవరి 1982

నా కంటి వెలుగు మార్తమ్మకు బెళగల్లు ఏసన్న రాసే ఉత్తరం.

చూశావా, ఇంటిపేరుతో రాస్తున్నాను! నువ్వు కళ్లారా చూసి పోయిందే అయినా మళ్లీ రాస్తాను, రాయకపోతే నా ఒంట్లో సంతోషం ఇమడదు. నువ్వు చూడనివి కూడా ఉన్నాయి.

జాతరకు ముందు బుధవారం పొద్దున లింగారెడ్డి తిమ్మక్క ఇంటికి వచ్చాడు. కర్ర పట్టుకొని, నడిచి. మన వీధిలోకి ఆయన రావడం ఇదే మొదలు. తిమ్మక్క మంచం వాల్చి "కూకో రెడ్డీ" అంది. కూర్చోలేదు. వాకిట్లో ఎండలో నిలబడి ఉన్నాడు.

"ఏసన్నా, ఆ ఎద్దుల్లో ఎడం పక్కది ఏది?"

"కరియ."

"నాకు తెల్దు" అన్నాడు. నేల చూస్తూ అన్నాడు.

జరిగింది ఏమంటే, దుర్గప్ప వచ్చిన రోజు కాడి కట్టబోతూ అడిగాడట, ఏది ఎడమ, ఏది కుడి అని. మూగజీవాలు దూడలప్పటినుంచి తన దొడ్డిలోనే ఉన్నాయి, తెలియదంటే నామోషీ. లింగారెడ్డి చేయి చూపించాడు. తిరగేసి చూపించాడు! కంటిపొర వల్ల అనుకుందామంటే, పొర నిరుడే కదా వచ్చింది. దుర్గప్ప ఆ మాట నమ్మి కరియను కుడిపక్క, బూదోడిని ఎడమపక్క కట్టాడు. రెండూ మెడలు పెనవేసుకొని తిరిగాయట. చెర్నాకోల తగిలేసరికి కాడితోపాటే కింద పడుకున్నాయి. మూడు వారాలు ఇదే వరస. కరియ మెడ గీసుకుపోయింది. చివరకు దుర్గప్ప "ఈ ఎద్దులు మీవి కావు రెడ్డీ, ఎవురివో కనుక్కోండి" అని చెప్పి మద్దికెర బస్సెక్కాడు.

నాకు నవ్వు రాలేదమ్మా. కరియ మెడ తలుచుకొని ఏడుపు వచ్చింది.

"వస్తావా?" అన్నాడు.

"ఎద్దుల కోసరం వస్తా. నీ కాడ ఉండేదానికి రాను. జాతర అయినంక వాటికి ఒక దోవ సూపి ఆదోనికి పోతా. మైకులో పేరు సెప్పల్ల."

"సెప్పిస్తా" అన్నాడు. అప్పుడు మంచం మీద కూర్చున్నాడు. తిమ్మక్క ఇచ్చిన నీళ్లు తాగాడు.

ఇక జాతర మైదానం. నువ్వు ముందు వరసలో తెల్లచీరలో నిలబడ్డావు. బండ ముందు నాలుగు రోజుల సాధకంతోనే నిలబడ్డాం. మైకు ఆయన "ఎమ్మిగనూరు లింగారెడ్డి గారి ఎద్దులు" అని ఆగిపోయాడు. లింగారెడ్డి తడుముకుంటూ పోయి మైకు దగ్గర వంగి "తోలేటోడు ఏసన్న" అన్నాడు. అదంతా విన్నావు. వినపడనిది ఒకటుంది. మైకు ఆయన చేయి అడ్డం పెట్టి "ఇంటిపేరు?" అని అడిగాడు. లింగారెడ్డికి అది తెలియదు. యాభై నాలుగేళ్లు! నావైపు తిరిగాడు. నేను అక్కడినుంచే అరిచాను: "బెళగల్లు!" ఆ అరుపుకే బూదోడు కదిలాడు, అందుకే ఈల వేయకముందే అరడుగు లాగేశాం, ఆ అరడుగు కొలతలో తీసేశారు, అందుకే రెండో బహుమతి. మొదటిది పోయిందని నువ్వు బాధపడ్డావు. పిచ్చితల్లీ, ఇంతకంటే సంతోషం వస్తే నేను తట్టుకోగలనా?

నిన్ను బస్సెక్కించి వచ్చాక జరిగింది రాస్తాను.

ఎద్దులను కట్టి మేత వేస్తున్నాను. లింగారెడ్డి మేత వేసే గాడి అంచు పట్టుకొని నిలబడి ఉన్నాడు. దండ ఇంకా మెడలోనే ఉంది. "ఏసన్నా, ఇన్నేండ్లు నా కాడ ఉంటివి. నేను మంచోణ్ణేనా? నిజం సెప్పు" అన్నాడు.

రోజూ చెప్పేవాడిని కదమ్మా ఆయనకు! "మీ అంత దరమాత్ములు ఎవురుండారయ్యా" అని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒక్కరోజన్నా నమ్మలేదన్నమాట. ఇన్నేళ్ల తర్వాత, నమ్మదగిన మాట ఒక్కటి నా నోట కావాలని నిలబడ్డాడు. పాత మాట నాలుక చివరకు వచ్చేసింది, అలవాటు కదా. మింగేశాను. చెడ్డవాడివి అనడానికీ నోరు రాలేదు. కొన్ని దినాలు మంచివాడే. కొన్ని దినాలు కాదు. అది ఒక మాటలో చెప్పేది కాదు, చొప్ప పట్టుకొని చెప్పేదీ కాదు.

"ఇట్ల నిలబడి సెప్పేది కాదు లింగారెడ్డీ. ఆదోనికి రా. మా మార్తమ్మ ఇంట్లో కూకోని సెప్తా."

"యా దినం రావల్ల?" అన్నాడు.

ఈ పది రోజులూ ఆయనకు మేత వేయడం నేర్పుతున్నాను. ఎడమచేత్తో మెడ నిమరాలి, కుడిచేత్తో చొప్ప అందించాలి. మొదట్లో రెండూ మొహం తిప్పుకున్నాయి. నిన్న కరియ ఆయన చేతిలోంచి జొన్న చొప్ప లాక్కున్నాడు. లింగారెడ్డి పదేళ్ల పిల్లవాడిలాగా "తినింది రోయ్! నా సేతిలోది తినింది!" అని అరిచాడు. నేనూ అరిచాను. ఎందుకు అరవకూడదు?

నేను శనివారం మొదటి బస్సుకు వస్తున్నాను. ఆయన ఆదివారం వస్తాడు. జవాబు ఏం చెప్పాలో నువ్వు రాయొద్దు, నేనే ఆలోచించుకుంటున్నాను. నువ్వు చేయవలసింది ఒక్కటే. బజారుకు పోయి రెండు కుర్చీలు కొను. రెండూ ఒకే ఎత్తు ఉండేవి చూసి కొను.
నీ నాయన
బెళగల్లు ఏసన్న